మన గల్లీకి వాన వరద ముప్పు ఎంత? ఇంటింటికీ తిరిగి మనమే కొలిచే పద్ధతి

పాలమూరులో ఎవరినైనా ఆపి వరద గురించి అడగండి. కృష్ణ గురించి చెబుతారు, తుంగభద్ర గురించి చెబుతారు, 2009 అక్టోబర్‌లో అలంపూర్ మునిగిన సంగతి చెబుతారు. సొంత గల్లీ గురించి అడిగితే మాత్రం "మనదేముంది, కరువు జిల్లా కదా" అంటారు. మాటలో అబద్ధం లేదు. ఏడాదంతా కలిపినా ఉమ్మడి మహబూబ్‌నగర్‌లో సగటున 600 మిల్లీమీటర్లు, ఉమ్మడి నల్లగొండలో 750 మిల్లీమీటర్లు, ఆ చుట్టుపక్కలే వాన. కానీ ఆ 600లో 100 ఒక్క రాత్రి రెండు మూడు గంటల్లో కురిస్తే, ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు వరస పెట్టిన గల్లీలోనే మంచం కోళ్లు మునిగే నీళ్లు నిలుస్తాయి. మహబూబ్‌నగర్‌లో రామయ్యబౌలి, బీకే రెడ్డి కాలనీ వాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కోదాడ వాళ్లకు అసలే చెప్పక్కర్లేదు, 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు అక్కడ కార్లు కొట్టుకుపోయాయి, ఇద్దరు చనిపోయారు.

నది వరదకూ గల్లీ వరదకూ ఉన్న పెద్ద తేడా టైమే. కృష్ణ మీది జూరాల ప్రాజెక్టుకు ఎంత వరద వస్తుందో ముందే చెబుతారు, గేట్లు ఎత్తే ముందు కింది ఊళ్లకు కబురు వస్తుంది, సామాను సర్దుకునే వ్యవధి ఉంటుంది. గుట్ట మీది నుంచో, మత్తడి (అలుగు) దూకిన చెరువు నుంచో వచ్చే నీళ్లకు అరగంట కూడా దొరకదు. 2022 జులై 8న పొద్దున మన్యంకొండ దిక్కు మాచన్‌పల్లి, కోడూరు మధ్య రైల్వే అండర్‌బ్రిడ్జి కింద స్కూల్ బస్సు నీళ్లలో ఆగిపోయిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలను ఊరివాళ్లు దింపి కాపాడారు. రోజూ పోయే దారే అది.

అందుకే మా కాలనీలో మహిళా సంఘం అక్కలతో కలిసి ఇంటింటికీ తిరిగి ముప్పు లెక్క తీయడం మొదలుపెట్టాను. మొదట్లో మేం చేసిన తప్పు ఏంటంటే, నీళ్ల లోతు కొలిచి ఊరుకున్నాం. ఎక్కడ ఎక్కువ లోతు ఉంటే అక్కడే ఎక్కువ ప్రమాదం అనుకున్నాం. తీరా చూస్తే నడుము లోతు నీళ్లు వచ్చిన ఇంట్లో వాళ్లు మేడ మీదికి పోయి తెల్లారిదాకా కూర్చున్నారు, మోకాలు లోతు వచ్చిన ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ ఒక్కతే ఉంది. కొలవాల్సింది నీళ్లనూ, ఆ నీళ్లకు ఎదురైన మనుషులనూ కలిపి. ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. టేపు, పారదర్శకంగా ఉండే లెవెల్ పైపు, ఒక నోట్‌బుక్, రెండు మూడు ఆదివారాలు చాలు.

ముందు ఏం కొలుస్తున్నామో తేల్చుకోండి

పరిశోధకులు ఈ లెక్కను మూడు ముక్కలుగా చేస్తారు. నీళ్లు మన దాకా వస్తాయా, ఎంత వస్తాయి అనేది ఒకటి. వస్తే ఎవరికి ఎక్కువ దెబ్బ తగులుతుంది అనేది రెండు. దెబ్బ తగిలాక తప్పించుకునే, మళ్లీ లేచి నిలబడే బలం ఎంత ఉంది అనేది మూడు. ఇంగ్లిష్ రిపోర్టుల్లో ఎక్స్‌పోజర్, సెన్సిటివిటీ, అడాప్టివ్ కెపాసిటీ అని కనబడేవి ఇవే. వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2007లో ఇచ్చిన నాలుగో నివేదిక ఈ మూడింటినీ కలిపే చెప్పింది. 2014 నాటి ఐదో నివేదిక వచ్చేసరికి ఎక్స్‌పోజర్‌ను విడిగా లెక్కించడం మొదలైంది. మనకు ఆ చర్చతో పని లేదు. మూడు కాలమ్‌లు గీసుకుని మొదలుపెడదాం.

ఎంత పెద్ద ప్రాంతానికి కొలవాలి? వార్డు మొత్తానికి ఒక్క అంకె వేయకండి. ఒకే వార్డులో మెయిన్ రోడ్డు మీద మూడంతస్తుల బిల్డింగులు ఉంటాయి, వెనక నాలా పక్కన రేకుల ఇళ్లు ఉంటాయి, రెండూ కలిపి సగటు తీస్తే "మధ్యస్థ ముప్పు" అని వస్తుంది, అది ఎవరికీ వర్తించదు. గల్లీని ఒక యూనిట్‌గా తీసుకోండి. 50, 60 ఇళ్లు ఉంటే అన్నీ తిరగండి. 300, 400 ఉంటే ప్రతి ఐదో ఇల్లు తీసుకోండి, కాని పల్లంలో ఉన్న ఇళ్లు మాత్రం ఒక్కటీ వదలకుండా.

నీళ్ల వెంట నడవండి

సర్వే మన గల్లీలో మొదలవదు, నీళ్లు ఎక్కడ పుడతాయో అక్కడ మొదలవుతుంది. నల్లగొండ అయితే కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్ట ఉన్నాయి, వాటి మీద పడ్డ వానను బండరాయి తాగదు, ఉన్నదంతా కిందికి వదిలేస్తుంది. మహబూబ్‌నగర్ అయితే పెద్ద చెరువు, దాని మత్తడి, కింద నాలా. మన దగ్గర చెరువులన్నీ గొలుసుకట్టు, పైది నిండితే కిందిదానికి, అది నిండితే దాని కిందిదానికి నీళ్లు పోయేలా పెద్దలు కట్టారు. ఆ మధ్యలో ఎక్కడ కాలువ పూడిపోయిందో, ఎక్కడ ప్లాట్లు పడ్డాయో అక్కడ నీళ్లు కొత్త దారి వెతుక్కుంటాయి, ఆ కొత్త దారి సాధారణంగా ఎవరిదో గల్లీ అవుతుంది.

కాబట్టి ఒక పొద్దున మత్తడి దగ్గర నిలబడి నాలా వెంట కిందికి నడుచుకుంటూ రండి. వాన లేని రోజే నయం, అంతా కనబడుతుంది. ప్రతి కల్వర్టు దగ్గర ఆగి వెడల్పు, ఎత్తు కొలిచి రాయండి, లోపల పూడిక ఎంత ఉందో కట్టె గుచ్చి చూడండి. ఊళ్లో ఉన్న పాత మనుషులను ఒకరిని వెంట తీసుకెళ్తే మంచిది, "ఇక్కడ కుంట ఉండె బిడ్డా, మేం బర్లను కడిగేది" అని వాళ్లు చూపించే చోట ఇప్పుడు ఇళ్లు ఉంటాయి. ఆ చోటును మ్యాపులో గుర్తు పెట్టుకోండి. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు ఖాళీగా వదలాలి. ఆ గీత లోపల ఇళ్లు ఉంటే మొదటిదైన ముంపు కాలమ్‌లో ఎక్కువ మార్కు పడుతుంది.

ఇప్పుడు కొంచెం లెక్క. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. అంటే 60 మిల్లీమీటర్లు ఒక్క ఎకరం మీద పడితే సుమారు 2 లక్షల 43 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లతో చెప్పాలంటే 48 ట్యాంకర్లకు పైనే. ఒకప్పుడు చెలకలోకి ఇంకేది కొంత, ఇప్పుడు సీసీ రోడ్లు, డాబాలు, బండలు పరిచిన వాకిళ్లు.

కల్వర్టు దగ్గరికి ఎంత వరద వస్తుందో తెలియాలంటే ఇంజినీర్లు వాడే ఒక సులువైన సూత్రం ఉంది. మూడు అంకెలు గుణించాలి: పడ్డ నీళ్లలో పారేది ఎంత వంతు, గంటకు వాన ఎన్ని మిల్లీమీటర్లు, పైనున్న భూమి ఎన్ని హెక్టార్లు. వచ్చినదాన్ని 360తో భాగిస్తే సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీళ్లో వస్తుంది. కాంక్రీటు నిండిన కాలనీకి పారే వంతు 0.7 అనుకుందాం. 100 హెక్టార్లు, గంటకు 60 మిల్లీమీటర్లు. 0.7 × 60 × 100 ÷ 360 అంటే 11.7, మన భాషలో 400 క్యూసెక్కులకు పైన. కింద కల్వర్టు 2 మీటర్ల వెడల్పు, ఒకటిన్నర మీటరు ఎత్తు ఉండి, నీళ్లు సెకనుకు 2 మీటర్ల వేగంతో పారితే అందులో పట్టేది 6 ఘనపు మీటర్లే. అంటే దాదాపు సగం నీళ్లు రోడ్డు మీదికి ఎక్కుతాయి. సగం పూడిక ఉంటే 3. మిగతాది ఎక్కడికి పోతుందో మీకు తెలుసు.

టైమ్ కూడా రాసుకోండి. నీళ్ల దారి పొడవు, మొదటి నుంచి చివరికి ఎంత ఎత్తు తగ్గుతుందో తెలిస్తే నీళ్లు ఎన్ని నిమిషాల్లో చేరతాయో కిర్పిచ్ సూత్రంతో లెక్కేయొచ్చు. ఒకటిన్నర కిలోమీటరు దారి, 45 మీటర్ల వాలు ఉంటే 21 నిమిషాలు వస్తుంది. సూత్రం కంటే నాకు నమ్మకం కలిగించేది మనుషుల జ్ఞాపకం. "కరెంటు పోయినంక ఎంతసేపటికి వాకిట్లోకి వచ్చినయ్?" అని అడగండి. "ఎంత టైమ్ పట్టింది" అంటే ఎవరూ సరిగ్గా చెప్పలేరు, కరెంటు పోవడం, సీరియల్ అయిపోవడం, ఆజాన్ వినిపించడం లాంటి గుర్తుతో అడిగితే దాదాపు కచ్చితంగా చెబుతారు.

గోడ మీది గీత, లెవెల్ పైపు

ఇది అన్నిటికంటే ఓపిక కావాల్సిన పని, అన్నిటికంటే విలువైనది కూడా. సున్నం వేస్తే గుర్తు పోతుంది కాబట్టి వరద వచ్చిన వారంలోపు తిరిగితే మేలు.

ఇంటికి వెళ్లగానే "నీళ్లు ఎంతదాక వచ్చినయ్ అవ్వా?" అని అడిగితే చెయ్యి చూపిస్తారు. ఆ చెయ్యిని కొలవకండి. భయపడ్డ మనిషి చెయ్యి కొంచెం పైకే లేస్తుంది. గోడ మీది తేమ మరకను కూడా నమ్మకండి, ఇటుక గోడ, మట్టి గోడ నీళ్లను పైకి పీల్చుకుంటాయి, నీళ్లు ఆగిన చోటు కంటే జానెడు పైదాకా తడి కనిపిస్తుంది. సన్నని ఒండ్రు గీత వెతకండి. అది తలుపు వెనక, గ్యాస్ పొయ్యి గట్టు కింద, మెట్ల సందులో, చీపురు అందని చోట మిగిలి ఉంటుంది. గేటు ఊచల్లో ఇరుక్కున్న గడ్డి, ప్లాస్టిక్ కవరు కూడా మంచి సాక్ష్యమే. ఒకే ఇంట్లో రెండు గుర్తులు ఒకే ఎత్తులో దొరికితే ఇక అనుమానం లేదు.

ఆ గీత నేల నుంచి ఎంత, గడప రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది, ఈ రెండూ సెంటీమీటర్లలో రాయండి. సీసీ రోడ్డు మీద మళ్లీ సీసీ రోడ్డు వేయడం వల్ల గడప కంటే రోడ్డే పైకి ఉన్న ఇళ్లు ప్రతి పాత గల్లీలో ఉంటాయి. వాటికి మైనస్ గుర్తు పెట్టండి.

ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ పోల్చాలంటే లెవెల్ పైపు కావాలి. మేస్త్రీలు వాడేదే. శాటిలైట్ మ్యాపుల నుంచి ఉచితంగా దొరికే ఎత్తుల్లో మీటర్ల తేడా ఉంటుంది, మనకు కావాల్సింది సెంటీమీటర్లు, కాబట్టి గల్లీ లోపల ఆ మ్యాపులు పనికిరావు. పైపులో నీళ్లు నింపి గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకోండి. ఒక కొసను ఎప్పటికీ కదలని చోట, కల్వర్టు పిట్టగోడ మీదో గుడి అరుగు మీదో పెట్టండి, అదే మీ సున్నా. రెండో కొసను ఇంటి దగ్గర గోడకు ఆనించండి. నీళ్లు కదలడం ఆగాక రెండు కొసల్లోనూ మట్టం ఒకటే ఉంటుంది. అక్కడ చాక్‌పీసుతో గీసి, గడప దాకా టేపుతో కొలవండి. నడిచేటప్పుడు ఇద్దరూ బొటనవేలితో కొసలు మూసుకోవాలి, లేకపోతే నీళ్లు ఒలికిపోయి మళ్లీ మొదటికొస్తుంది. పైపు అందని ఇల్లు ఉంటే మధ్యలో ఇంకో గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి సాగండి. 40 ఇళ్లకు మాకు ఒక పూట పట్టింది.

లోతుతో పాటు పారకం కూడా రాయండి. నిలిచిన నీళ్లు వేరు, ఉరికే నీళ్లు వేరు. వేగంగా పారే నీళ్లు 15 సెంటీమీటర్లున్నా ఎదిగిన మనిషికి కూడా కాలు నిలవదు, 30 సెంటీమీటర్లకు చిన్న కారు తేలుతుంది. గల్లీ వాలుగా ఉండి మోరీ పొంగి పారే చోట మోకాలు లోతు నీళ్లు, పల్లంలో నిలిచిన నడుము లోతు కంటే ప్రమాదం.

వాన లెక్క కోసం తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ ఆటోమేటిక్ కేంద్రాలు ఉన్నాయి, మీకు దగ్గర్లోని కేంద్రంలో ఆ రోజు ఎంత పడిందో చూడండి. వాతావరణ శాఖ 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం అంటుంది, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఈ లెక్క పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. మన గల్లీకి మాత్రం రోజు మొత్తం కంటే ఒక్క గంటలో ఎంత పడింది అన్నదే ముఖ్యం. 70 మిల్లీమీటర్లు ముసురుగా రోజంతా పడితే ఏం కాదు. అదే గంటలో పడితే ఇంట్లోకి వస్తాయి.

ఇంట్లో అడగాల్సిన ప్రశ్నలు

ఇక్కడ ప్రశ్న ఎలా అడుగుతామన్నదాని మీదే అంతా ఉంది. "ఇంట్లో ముసలివాళ్లు ఎంతమంది" అని అడిగితే అంకె వస్తుంది కానీ పనికి రాదు. 70 ఏళ్లకు కూడా పొద్దున్నే మార్కెట్‌కు నడిచే తాతలున్నారు, 45కే పక్షవాతంతో పడుకున్న వాళ్లున్నారు. "రాత్రి రెండు గంటలకు ఒక్కరే లేచి నడుచుకుంటూ బయటికి రాలేని వాళ్లు ఎవరైనా ఉన్నారా" అని అడగండి. నెలల పిల్లలు, నిండు గర్భిణులు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, చెవులు వినబడని వాళ్లు, అందరూ ఈ ఒక్క ప్రశ్నలోకి వస్తారు.

"రాత్రి రెండు గంటలకు" అన్న మాట మర్చిపోవద్దు. పాలమూరు సంగతి మనకు తెలిసిందే, పనికి హైదరాబాద్‌కో, ముంబైకో, పుణెకో పోయినవాళ్ల ఇళ్లలో అవ్వ, మనవలు మాత్రమే ఉంటారు. రేషన్ కార్డులో ఐదుగురు ఉంటే, ఆ రాత్రి ఇంట్లో ఇద్దరే ఉంటారు, ఇద్దరిలో ఎవరూ ఎవరినీ మోయలేరు. కార్డు చూసి రాస్తే ఈ ఇల్లు బలంగా ఉన్నట్టు కనిపిస్తుంది.

తర్వాత ఇల్లు చూడండి. మట్టి గోడనా, ఇటుకనా, రేకులా. కరెంటు మీటరు, కింది స్విచ్‌బోర్డు నేల నుంచి ఎంత ఎత్తు, పోయినసారి నీళ్ల గీత దానికి కిందనా పైనా. దీన్ని తప్పకుండా కొలవండి, షాక్‌తో పోయే ప్రాణాలు ఇక్కడే పోతాయి. బియ్యం మూట నేల మీద ఉంటుందా. కుట్టు మిషన్, మోటర్ ఉన్న పిండి గిర్ని, కిరాణా సరుకు ఇంట్లోనే ఉందా? ఎందుకంటే వరదకు ఆ ఇల్లు ఒక్క రోజులో ఇల్లునూ, కూడునూ రెండూ పోగొట్టుకుంటుంది. ఆధార్, పిల్లల మెమోలు, బ్యాంకు పుస్తకం ఎక్కడ పెడతారు.

మూడో కాలమ్‌కు, అంటే బలం కొలవడానికి, ఎక్కువమంది ఆదాయం అడుగుతారు. సరిగ్గా చెప్పరు, చెప్పాల్సిన అవసరం కూడా వాళ్లకు లేదు. "పది రోజులు పని లేకపోతే ఇల్లు ఎలా నడుస్తుంది" అని అడగండి. దాచుకున్నది ఉంది అనేవాళ్లు, సంఘంలో లోన్ దొరుకుతుంది అనేవాళ్లు, వడ్డీకి తేవాలి అనేవాళ్లు, మూడు రకాలుగా రాసుకుంటే చాలు.

ఇక మేడ సంగతి. డాబా మీదికి మెట్లు ఉన్నాయా అని మేం మొదటి గల్లీలో అడిగాం, చాలా ఇళ్లకు ఉన్నాయని రాసుకున్నాం, సంతోషపడ్డాం. ఆఖరి ఇంట్లో అద్దెకుండే ఒకావిడ "మెట్లున్నయ్ అక్కా, కానీ గేటుకు తాళం ఉంటది, తాళంచెవి ఓనర్ దగ్గర, ఓనర్ పట్నంలో" అంది. మళ్లీ వెనక్కి తిరిగి అన్ని ఇళ్లూ అడిగాం. కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్లకు సగానికి పైగా ఇళ్లలో పైకి దారి లేదు. అప్పటి నుంచి మా ఫారంలో ప్రశ్న మార్చాం: "ఇప్పుడు, ఈ నిమిషంలో, మీరు డాబా మీదికి వెళ్లగలరా?" వెళ్లి చూపించమని కూడా అడుగుతాం.

ఇంటింటికీ ఎవరు తిరగాలి? గల్లీలో అందరికీ తెలిసిన మనిషి. మెప్మా ఆర్‌పీ (పట్టణ మహిళా సంఘాలను చూసే రిసోర్స్ పర్సన్), అంగన్‌వాడీ టీచర్, ఆశా కార్యకర్త వీళ్లలో ఒక్కరు వెంట ఉంటే తలుపు తెరుచుకుంటుంది. శిఖం భూమిలో, అంటే చెరువు ముంపు భూమిలో, నాలా పక్కన ఉన్నవాళ్లు కొలిచే టేపు చూడగానే ఇల్లు కూలగొడతారేమో అని టెన్షన్ పడతారు. ఆ భయం న్యాయమైనది. పట్టా గురించి, ఇంటి నంబరు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకండి, అడగబోమని ముందే చెప్పండి, రాసిన కాగితం వాళ్లకే చూపించండి. పేర్ల బదులు ఇంటికి ఒక కోడ్ ఇవ్వండి. ఎవరింట్లో మంచాన పడ్డ మనిషి ఉంది, ఎవరింట్లో ఆడవాళ్లు ఒంటరిగా ఉంటారు అన్న లిస్టు వాట్సాప్ గ్రూపులో తిరగకూడదు.

అంకెలు కలపడం

సెంటీమీటర్లు, శాతాలు, నిమిషాలు నేరుగా కూడలేం కదా, అన్నిటినీ 0 నుంచి 1 మధ్యలోకి తేవాలి. మన గల్లీ అంకెలోంచి అన్ని గల్లీల్లో అతి తక్కువ అంకె తీసేసి, దాన్ని అతి ఎక్కువకూ అతి తక్కువకూ ఉన్న తేడాతో భాగించాలి, అంతే. ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. మూడు గల్లీలు. గడప దగ్గర నీళ్ల లోతు మొదటి గల్లీలో 10 సెంటీమీటర్లు, రెండోదాంట్లో 45, మూడోదాంట్లో 60. రెండో గల్లీకి 45లోంచి 10 తీస్తే 35, తేడా 50తో భాగిస్తే 0.7. మొదటిది 0, మూడోది 1.

ఒంటరిగా బయటికి రాలేని మనిషి ఉన్న ఇళ్లు వరసగా నూటికి 20, 50, 30. మార్కులు 0, 1, 0.33.

డాబా మీదికి పోగలిగిన ఇళ్లు నూటికి 80, 30, 70. ఇది ఎక్కువుంటే మంచిది కాబట్టి లెక్క తిరగేయాలి, ఎక్కువలోంచి మనది తీసేసి భాగించాలి. మార్కులు 0, 1, 0.2. ఈ తిరగేయడం మర్చిపోతే మొత్తం తలకిందులు అవుతుంది, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

మూడింటి సగటు తీస్తే మొదటి గల్లీ 0, రెండోది 0.9, మూడోది 0.51. లోతు చూస్తే మూడో గల్లీయే ముందు. మనుషులను చూస్తే రెండోది. మొదటి గల్లీకి సున్నా వచ్చిందని ముప్పు లేదనుకోవద్దు, ఈ మూడింటిలో తక్కువ అని మాత్రమే దానర్థం.

అన్నిటికీ సమానంగా బరువు ఇవ్వాలా అనే ప్రశ్న వస్తుంది. పుస్తకాల్లో దీనికి పెద్ద పెద్ద పద్ధతులున్నాయి. మేం పల్లీలతో చేశాం. ఒక్కో అంశం పేరు, చదవడం రానివాళ్ల కోసం బొమ్మ, కాగితం మీద వేసి నేల మీద పరిచాం, ఒక్కొక్కరికీ పది పల్లీలు ఇచ్చాం, మీకు ఏది ఎక్కువ భయమో దాని మీద ఎక్కువ పెట్టమన్నాం. మగవాళ్లు లోతు మీద, బండ్లు మునగడం మీద పెట్టారు. ఆడవాళ్లు బాత్‌రూం, మోరీ నీళ్లు ఇంట్లోకి రావడం మీద పెట్టారు, ఆ కాగితం మేం మొదట అనుకోనేలేదు, ఒకామె అడిగితే అప్పటికప్పుడు రాశాం. అందుకే ఆడవాళ్లతో, మగవాళ్లతో విడివిడిగా కూర్చోండి. ఒక్కో కాగితం మీది పల్లీలను మొత్తంతో భాగిస్తే అదే దాని బరువు.

తర్వాత ఒక పరీక్ష పెట్టండి. ఒక్కో అంశం తీసేసి మళ్లీ లెక్కేయండి. ఏది తీసినా అదే గల్లీ ముందుంటే మీ లెక్క గట్టిది. ఒక్కటి తీయగానే వరస మారిపోతే ఆ అంశాన్ని మళ్లీ కొలవండి. పోయినసారి నిజంగా ఎవరికి ఎక్కువ నష్టమైందో దాంతో కూడా పోల్చండి, లెక్కకూ అనుభవానికీ పొంతన లేకపోతే తప్పు లెక్కదే.

సగటు కొన్నిటిని దాచేస్తుంది, దీన్ని మాత్రం పట్టుకోండి. ఆక్సిజన్ సిలిండర్ మీద ఉన్న మనిషి, నీళ్ల గీత కింద కరెంటు మీటరు, ఒరిగిన మట్టి గోడ, ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ ఇంటికి మార్కులతో సంబంధం లేకుండా ఎర్ర గుర్తు పెట్టండి. గల్లీకి 0.2 వచ్చినా ఆ ఇల్లు ఎర్రదే.

లెక్క తేలాక

మున్సిపాలిటీకి ఇచ్చేటప్పుడు పది పేజీలు ఇవ్వకండి. ఒక్క పేజీ. చేత్తో గీసిన గల్లీ మ్యాపు, కల్వర్టు కొలతలు, ఎన్ని ఇళ్లకు ఎర్ర గుర్తు, ఏ నెలలోపు ఏ పూడిక తీయాలి. ఏప్రిల్, మే నెలల్లో ఇస్తే పని జరిగే అవకాశం ఉంటుంది, జులైలో ఇస్తే ఫొటో దిగడానికే టైమ్ సరిపోతుంది. మీటరు పైకి మార్చమని కరెంటు ఆఫీసుకు విడిగా అర్జీ పెట్టండి, 20 ఇళ్లవి కలిపి పెడితే ఒక్కొక్కరు తిరగక్కర్లేదు.

అర్జీల సంగతి ఎలా ఉన్నా గల్లీలో మన చేతిలో ఉన్న పని ఒకటుంది. పైన కల్వర్టు గోడ మీద ఆయిల్ పెయింట్‌తో పసుపు గీత, దాని పైన ఎర్ర గీత గీయండి. లెవెల్ పైపుతో కొలిచాం కాబట్టి ఆ కల్వర్టులో నీళ్లు ఎక్కడికి వస్తే మన అతి పల్లపు గడప తడుస్తుందో తెలుసు, అక్కడ ఎర్రది, దానికి అడుగున్నర కింద పసుపు. కల్వర్టు ఎదురుగా ఇల్లున్న వాళ్లలో ఇద్దరు రాత్రి వాన పడితే చూసి ఫోన్ చేస్తారు. ఎర్ర గుర్తున్న ప్రతి ఇంటికీ ఇద్దరు మనుషులను ముందే అనుకోండి, ఒకరు ఊళ్లో లేకపోయినా ఇంకొకరు ఉండాలి. పసుపు దాటిందని ఫోన్ వస్తే వీళ్లు వెళ్లి తలుపు కొడతారు, మెయిన్ స్విచ్ ఆఫ్ చేస్తారు, మనిషిని పైకి చేరుస్తారు.

మా గల్లీలో అలాంటివి ఆరు ఇళ్లు. ఓనర్లతో మాట్లాడి డాబా గేటుకు రెండో తాళంచెవి చేయించాం, ఒక్కోటి నలభై యాభై రూపాయలు అయింది. ఆరూ ఒకే తాడుకు కట్టి, ఒక్కోదానికి ఇంటి కోడ్ రాసిన బిళ్ల తగిలించి, రాత్రిళ్లు కూడా షట్టర్ సగం తెరిచి పడుకునే కిరాణా కొట్టాయన దగ్గర పెట్టాం.